గడ్డి బండిలో పొయ్యి పెట్టలేదు. యాత్ర బస్సులో గ్యాసు ఎందుకు?

పూర్వం అహోబిలం తిరునాళ్ళకో, మహానందికో, బ్రహ్మంగారి మఠానికో ఎద్దుల బండి కట్టుకుని బయలుదేరిన కుటుంబాలు దారిలో వంట చేసుకోక తప్పేది కాదు. అయితే బండిలో పొయ్యి పెట్టినవారు లేరు. బండిని చెట్టు కింద నిలిపి, ఎద్దులను విప్పి, గాలి ఎటు వీస్తున్నదో చూసుకుని, బండికి దూరంగా మూడు రాళ్ళు పేర్చి మంట పెట్టేవారు. తిరిగి కదిలేముందు ఆ నిప్పుల మీద నీళ్ళు చల్లి, పూర్తిగా ఆరిందని తెలిసిన తరువాతనే బండి కట్టేవారు. బండిలో పరిచింది ఎండుగడ్డి. నిప్పురవ్వ పడితే బండితోపాటు ఎద్దులూ పోతాయి. ఈ మాట వారికి ఏ అధికారీ చెప్పవలసిన అవసరం రాలేదు.

ఈనాడు ఊరు ఊరంతా కలిసి బస్సు మాట్లాడుకుని కాశీకో, రామేశ్వరానికో, శబరిమలకో వెళుతున్నది. కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాలలో పంట డబ్బు చేతికి వచ్చిన తరువాత ఇటువంటి బస్సు కదలని పెద్ద గ్రామం అరుదు. పది పన్నెండు రోజులు ఆ బస్సే ఇల్లు. పడక అందులోనే, బట్టలు ఆరేసుకునేది అందులోనే. బియ్యం బస్తా, పప్పు డబ్బా, నూనె డబ్బా, గిన్నెలు, వాటితోపాటు గ్యాసు సిలిండరు, రెండు పొయ్యిల స్టవ్ కూడా అందులోనే. సిలిండరు డిక్కీలో పట్టకపోతే వెనుక సీట్ల మధ్య నిలబెడతారు. వాన వచ్చినా, చలి ఎక్కువైనా కొన్ని బస్సులలో ఆ వెనుక భాగంలోనే టీ కాచేస్తారు.

బస్సులో గడ్డి లేదు కదా అని ధైర్యం. కాని ఆ బస్సులో వున్నదేమిటి? సీట్లలో స్పాంజి, దానిపై రెగ్జిను, కిటికీలకు తెరలు, గోడలకు ప్లైవుడ్డు, పైకప్పుకు ప్లాస్టిక్కు, కింద ట్యాంకులో వందల లీటర్ల డీజిలు.  ఇవి మండితే వచ్చే పొగలో విషవాయువులు వుంటాయి. నాలుగైదు గుటకలు మింగితే మనిషికి స్పృహ తప్పుతుంది. బస్సు అగ్నిప్రమాదాలలో చాలామంది మంట తాకకముందే పొగకు పడిపోతారు. గడ్డి బండికి నాలుగు వైపులా దారి వుండేది. బస్సుకు వున్నది ఒక తలుపు, ఒక సన్నటి నడవ.

కళ్ళ ముందు జరిగినవి

దూరపు సంగతులు చెప్పుకోనక్కరలేదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కల్లూరు మండలం చిన్నటేకూరు వద్ద 44వ నెంబరు జాతీయ రహదారిపై హైదరాబాదు నుంచి బెంగుళూరు వెళుతున్న ప్రైవేటు స్లీపరు బస్సు తగలబడింది. రోడ్డుపై పడివున్న మోటారు సైకిలు బస్సు కిందికి వెళ్ళింది. బస్సు దానిని ఈడ్చుకుంటూ పోవడంతో పెట్రోలు కారి, రాపిడికి నిప్పురవ్వలు లేచి మంట పుట్టింది. నిద్రలో వున్న 19 మంది ప్రయాణికులు ఆ బస్సులోనే మరణించారు. సామాన్ల అరలో సెల్‌ఫోన్ల పార్శిలు వున్నదనీ, వాటి బ్యాటరీలు పేలడంతో మంట మరింత పెరిగిందనీ దర్యాప్తు చేసినవారు అప్పట్లో తెలిపారు. కిటికీ అద్దాలు పగులగొట్టుకుని దూకినవారు బ్రతికి బయటపడ్డారు.

అంతకు పన్నెండేళ్ళ ముందు, 2013 అక్టోబరు 30న, ఇదే రహదారిపై కృష్ణకు ఆవల ఉమ్మడి మహబూబ్‌నగరు జిల్లా పాలెం వద్ద బెంగుళూరు నుంచి హైదరాబాదు వెళుతున్న వోల్వో బస్సు కల్వర్టు గోడను తాకి తగలబడింది. 45 మంది బూడిదయ్యారు. అదీ తెల్లవారుజామే, అదీ నిద్రవేళే. ఆ తరువాత కొన్ని నెలలు తనిఖీలు ముమ్మరంగా జరిగాయి. అద్దాలు పగులగొట్టే సుత్తులు బస్సులలో వేలాడాయి. కొంతకాలానికి సుత్తులు మాయమయ్యాయి, తనిఖీలూ మందగించాయి.

ఈ రెండూ టిక్కెట్టు కొని ఎక్కిన బస్సులు. యాత్ర బస్సుల సంగతికి వస్తే, 2025 జనవరిలో తెలంగాణలోని నిర్మల్ జిల్లా నుంచి ఉత్తరాది యాత్రకు వెళ్ళిన బస్సు బృందావనంలో ఆగివుండగా కాలిపోయింది. యాత్రికులలో ఎక్కువమంది ఆ వేళ కిందికి దిగి వుండటం వారి అదృష్టం. లోపల వుండిపోయిన ఒక యాత్రికుడు మరణించాడు. ఇంటికి తెచ్చుకోవలసిన సామాన్లు, బట్టలు అన్నీ అక్కడే బూడిద అయ్యాయి.

2023 ఆగస్టు 26న తమిళనాడులోని మదురై రైల్వే యార్డులో జరిగినది ఇంకా స్పష్టమైన పాఠం. ఉత్తరప్రదేశ్ యాత్రికులు ప్రత్యేకంగా మాట్లాడుకున్న రైలు పెట్టె అది. రోజుల తరబడి వారికి అదే ఇల్లు. రైలులోకి గ్యాసు సిలిండరు తీసుకుపోవడం నేరం. అయినా ఎవరి కంటా పడకుండా ఎక్కించారు. తెల్లవారుజామున టీ కాచుకోబోతే మంట లేచింది. తొమ్మిది మంది కాలిపోయారు. పెట్టె నిలిచివున్నది, పట్టణం మధ్యనే వున్నది, అగ్నిమాపక శకటాలు దగ్గరలోనే వున్నాయి. అయినా తొమ్మిది ప్రాణాలు దక్కలేదు. నల్లమల ఘాట్‌లోనో, నర్మదా తీరపు అడవిలోనో బస్సులో అదే జరిగితే ఆదుకునేదెవరు?

తలరాత కాదు

ఇటువంటి వార్త వచ్చినప్పుడల్లా రచ్చబండ వద్ద వినిపించే మాటలు రెండు. ఒకటి 'వారి రాత అట్లా వున్నది' అని. రెండవది 'డ్రైవరు నిద్రపోయాడు' అని. రెండు మాటలకూ ఒకే ఫలితం: వినేవారు చేయవలసిన పని ఏదీ మిగలదు. బస్సులో నిప్పు ఎక్కడినుంచి వస్తుందో తెలియని రహస్యమేమీ కాదు. వచ్చే దారులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో సగం దారులు ప్రయాణికుల చేతిలోనే వున్నాయి.

మొదటిది గ్యాసు. ఇంటి సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ద్రవరూపంలో వుంటుంది. ద్రవం బయటికి వచ్చి వాయువైతే దాదాపు 250 రెట్లు పెరుగుతుంది. అది గాలికంటె బరువు. అందుచేత పైకి పోదు. నీళ్ళలాగా కిందికి జారి నేల మీద పరుచుకుంటుంది. వంటింట్లో అయితే గడప దాటి బయటికి పోవడానికి దారి వుంటుంది. బస్సులో సీట్ల కింద, డిక్కీలో, నడవ పలకల సందులలో నిలిచిపోతుంది. గాలిలో నూటికి రెండు పాళ్ళు కలిసినా చాలు, అంటుకుంటుంది. పైన నిద్రపోతున్నవారి ముక్కుకు ఆ వాసన ఆలస్యంగా తగులుతుంది. ఎవరో బీడీ వెలిగిస్తారు, లేదా డ్రైవరు స్విచ్చి నొక్కుతాడు. అంతే.

బస్సు గుంతలలో ఎగిరెగిరి పడుతుంటే రెగ్యులేటరు వదులవుతుంది, రబ్బరు గొట్టం రాపిడికి చిట్లుతుంది. సిలిండరు పక్కకు ఒరిగితే వాయువుకు బదులు ద్రవమే బయటికి చిమ్ముతుంది. మండు వేసవిలో, వేడెక్కిన ఇంజనుకో పొగగొట్టానికో దగ్గరగా వున్న డిక్కీలో సిలిండరు పెట్టడం ఎంతటి సాహసమో వేరే చెప్పనక్కరలేదు.

రెండవది కరెంటు తీగలు. బస్సు తయారైనప్పుడు వున్న తీగలు అప్పటి దీపాలకు సరిపోయేవి. తరువాత టీవీ, పాటల పెట్టె, రంగురంగుల సీరియలు బల్బులు, ప్రతి సీటుకూ ఫోను ఛార్జరు చేరాయి. ఇన్ని బరువులు పాత తీగ మోయలేదు, వేడెక్కుతుంది. ఫ్యూజు ఎందుకు పోతున్నదని ఆలోచించకుండా దాని స్థానంలో తీగ ముక్క చుట్టి నడిపించే మెకానిక్కులు వున్నారు. ఫ్యూజు పోవడమంటే బస్సు ప్రమాదం వున్నదని చెప్పడం. తీగ చుట్టడమంటే చెప్పే నోరు నొక్కడం.

మూడవది భక్తి పేరిట జరిగేది. మాల వేసుకున్న స్వాముల బస్సు కదిలేముందు డ్రైవరు ముందున్న పటానికి కర్పూర హారతి ఇవ్వడం ఆచారం. హారతి కింద నేల మీద, బస్సు ముందు ఇస్తే చూడముచ్చటగా వుంటుంది. లోపల, పూలదండలకూ తెరలకూ జానెడు దూరంలో ఇవ్వడం దేవుడు కోరినది కాదు. అగరువత్తులదీ అదే సంగతి. గురుస్వామి ఒక్క మాట చెబితే బస్సులో హారతి నిలిచిపోతుంది. ఆ మాటకు వున్న విలువ అధికారి సర్క్యులరుకు లేదు.

నాలుగవది సామాను. డబ్బాలో పెట్రోలు, దారిలో అవసరమవుతుందని డీజిలు క్యాను, దీపావళి దగ్గరైతే టపాకాయలు, ఎవరిదో తెలియని పార్శిలు. ఊరి బస్సులో ఊరివారి సామాను తప్ప మరొకటి ఎక్కకూడదు. డ్రైవరు దారిఖర్చుల కోసం ఎత్తుకునే పార్శిలు లోపల ఏమున్నదో అతనికీ తెలియదు.

అయిదవది బండి ఒళ్ళు. కారే డీజిలు గొట్టం, నూనె పేరుకున్న ఇంజను, పట్టుకుపోయిన బ్రేకు. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడో, కడప నుంచి రాయచోటి వెళ్ళే గువ్వలచెరువు ఘాట్‌లోనో అదేపనిగా బ్రేకు తొక్కితే చక్రం వేడెక్కి టైరు అంటుకోవచ్చు. రబ్బరు కాలిన వాసన వచ్చిన వెంటనే బండి ఆపాలి. 'ముందు ఊరిలో చూద్దాం' అనేవారి మాట వినకూడదు.

ఇంటి బండ్లవారు ఏం చేస్తారు?

విదేశాలలో వంట, పడక, స్నానం అన్నీ ఒకే బండిలో వుండే ఇంటి బండ్లు ఎంతోకాలంగా వాడుకలో వున్నాయి. క్యారవాన్ అనే పేరుతో ఇవి మన దేశంలోనూ పర్యాటకులను తిప్పుతున్నాయి. బండిలో వంట చేసుకోవడం అక్కడివారికి కొత్త కాదు కనుక, ప్రమాదాలు చూసి చూసి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. సిలిండరు మనుషులుండే గదిలో వుండదు. దానికి వేరే అర. ఆ అర తలుపు బయటికి తెరుచుకుంటుంది. అర అడుగున గాలి పోయే కంత వుంటుంది. గ్యాసు కారితే ఆ కంత గుండా నేల మీదికి జారిపోతుంది. సిలిండరు నిలువుగా, కదలకుండా పట్టీతో బిగించి వుంటుంది. బండి కదిలేముందు సిలిండరు దగ్గరే గ్యాసు కట్టేస్తారు. గ్యాసు కారితే అరిచే యంత్రాన్ని పైన కాదు, నేలకు దగ్గరగా బిగిస్తారు. పొగ వస్తే అరిచే యంత్రాన్ని పైకప్పుకు బిగిస్తారు. మంటలార్పే సిలిండరును పొయ్యి పక్కన కాక తలుపు దగ్గర పెడతారు. పొయ్యి పక్కన వుంటే మంట లేచినప్పుడు చెయ్యి అందదు. బయటికి పోవడానికి రెండో దారి లేని బండిలో పడుకోరు.

ఇదంతా చెప్పడం యాత్ర బస్సులకు ఇటువంటి అరలు కట్టించమని కాదు. అన్ని ఏర్పాట్లు వున్న బండిలోనే అంత భయంగా వుంటే, ఏ ఏర్పాటూ లేని బస్సులో యాభై మంది మధ్య సిలిండరు నిలబెట్టడం ఎంతటి పొరపాటో తెలియడానికి. దీనికి మధ్యేమార్గం లేదు. మనుషులు పడుకునే బస్సులోకి గ్యాసు ఎక్కకూడదు.

సద్ది మూట మరచిపోయారా?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. ముసలివారికి బయటి తిండి పడదు. పసిపిల్లలకు పాలు కాచాలి. రోజుకు రెండు పూటలు యాభై మంది హోటలులో తింటే ఖర్చు బస్సు బాడుగను మించిపోతుంది. ఉత్తరాదిన చపాతి, బంగాళాదుంప తప్ప మన చారు, మన పచ్చడి దొరకవు. ఇవి నిజమైన ఇబ్బందులే. పేద కుటుంబాలు జీవితంలో ఒక్కసారి చేసుకునే యాత్రను ఖరీదు చేయమని ఎవరూ అనకూడదు.

అయితే దారి లేకపోలేదు. ఈ సీమ తిండి ప్రయాణానికి పుట్టినట్టు వుంటుంది. పలుచగా తట్టి ఎండబెట్టిన జొన్నరొట్టెలు, సజ్జరొట్టెలు రోజుల తరబడి చెడవు. శనగకాయల పొడి, ఎండుమిరపకాయల కారం, ఊరగాయ, బొరుగులు, వేరుశనగ ఉండలు ఏ నిప్పూ కోరవు. పొలానికి, సంతకు, తిరునాళ్ళకు పెద్దలు కట్టుకుపోయిన సద్ది మూట ఇదే. పెరుగు దారిలో ఎక్కడైనా దొరుకుతుంది. పసిపిల్లల పాలకు ఫ్లాస్కు చాలు, వేడినీళ్ళు ప్రతి టీకొట్టులోనూ ఇస్తారు.

వేడి అన్నం కావాలంటే తిరుమల, శ్రీశైలం, మంత్రాలయం వంటి క్షేత్రాలలో అన్నదానం వున్నది. కాశీలో ఆంధ్రాశ్రమం వంటి తెలుగు సత్రాలు వున్నాయి. ముందుగా ఉత్తరం రాసో, ఫోను చేసో బృందం వస్తున్నదని చెబితే సత్రాలవారు ఏర్పాటు చేస్తారు. వంట తప్పనిసరి అనుకున్నచోట, దిగిన వూరిలోనే వంటపాత్రలు, స్టవ్ అద్దెకు తీసుకుని, సత్రం వంటశాలలోనో ఆరుబయటనో వండుకోవాలి. పెద్ద బృందాలు వంటవారినీ సామానునూ వేరే చిన్న బండిలో పంపుతున్నాయి. రెండు మూడు ఊళ్ళ బస్సులు కలిసి వెళితే ఆ ఖర్చు తలకు పెద్దగా పడదు.

అప్పుడు కూడా వంట బస్సుకు ఇరవై ముప్పై గజాల దూరంలో, గాలివాలు చూసుకుని జరగాలి. నూనె మూకుడు అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. పోస్తే మండే నూనె ఎగిరి మీద పడుతుంది. మూత పెట్టి స్టవ్ కట్టేయాలి. సిలిండరు మూతి వద్ద మంట లేస్తే తడిపి పిండిన గోనెపట్టా కప్పి గ్యాసు కట్టేయాలి. గొట్టం నారింజ రంగు ఐఎస్ఐ గొట్టమై వుండాలి, అయిదేళ్ళకు మించి వాడకూడదు.

బస్సు మాట్లాడేటప్పుడే అడగాలి

రాత్రి బస్సుకు టిక్కెట్టు కొన్న మనిషి ఒంటరివాడు. బస్సు చూసేసరికి అది కదిలే వేళ అవుతుంది. నచ్చకపోతే దిగిపోవడం తప్ప అతను చేయగలిగింది తక్కువ. ఊరు బస్సు మాట్లాడేటప్పుడు సంగతి వేరు. యాభై మంది డబ్బు ఒక్క పెద్దమనిషి చేతిలో వుంటుంది. బయానా ఇచ్చేంతవరకు బస్సు యజమాని చెప్పిన మాట వింటాడు. ఎద్దులు కొనేటప్పుడు పళ్ళు చూసి, సుడులు చూసి, నడిపించి చూసి బేరమాడే రైతు, తన వారందరినీ ఎక్కించే బస్సును చూడకుండా కిలోమీటరుకు ఎంత అని మాత్రమే అడగడం వింతగా వున్నది.

బస్సు నెంబరు అడిగి తీసుకుంటే, ఊరిలో చదువుకున్న కుర్రవాడు ఎవరైనా ఎంపరివాహన్ యాప్‌లో దాని ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పర్మిట్ ఎంతవరకు వున్నవో నిమిషంలో చెప్పగలడు. ఎనిమిదేళ్ళ లోపు బండికి రెండేళ్ళకు ఒకసారి, ఆపైన ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష జరగాలి. తరువాత బస్సును ఊరికి రప్పించి పగటిపూట చూడాలి. ఆపద తలుపు వున్నదా, అది చేతితో తీస్తే వస్తుందా? దానికి అడ్డంగా సీటో, పడకో, సామానో పెట్టారా? అద్దాలు పగులగొట్టే సుత్తులు ఎన్ని వున్నాయి? మంటలార్పే సిలిండరు ముల్లు పచ్చగీతలో వున్నదా, గడువు దాటిందా? తీగలు బయటికి వేలాడుతున్నాయా? డ్రైవర్లు ఇద్దరా, ఒక్కడేనా?

తయారీదారు ఇచ్చిన ఆకారాన్ని, ఏర్పాట్లను ఇష్టం వచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం నిషిద్ధం. సీట్లు తీసి పడకలు బిగించిన బస్సు, ఆపద తలుపు మూసి సీటు వేసిన బస్సు ఎంత అందంగా వున్నా ఎక్కదగినది కాదు. ఈ ప్రశ్నలకు సరైన జవాబు రాని బస్సును వదిలేసి మరొకదాన్ని మాట్లాడుకోవాలి. రెండు ఊళ్ళు ఆ పని చేస్తే మూడవ ఊరికి మంచి బస్సు వస్తుంది.

మొదటి మూడు నిమిషాలు

మంట లేచిన తరువాత బస్సులో వున్నవారికి మిగిలేది రెండు మూడు నిమిషాలు. 101కు ఫోను చేసినా పట్టణం నుంచి శకటం రావడానికి అంతకన్న ఎక్కువ పడుతుంది. అందుచేత మొదటి రక్షకులు లోపలివారే. ఆ రెండు మూడు నిమిషాలలో ఆలోచించుకోవడానికి వ్యవధి వుండదు. ఆలోచన ముందే జరిగి వుండాలి.

బస్సు కదిలేముందు ఒక పెద్దమనిషి లేచి తలుపులెక్కడ వున్నాయో, సుత్తి ఎక్కడ వున్నదో అందరికీ చూపించాలి. తలుపు గాలితో పనిచేసేదైతే దానిని చేతితో తెరిచే మీట ఎక్కడున్నదో డ్రైవరుచేత చెప్పించాలి. ముసలివారిని, గర్భిణులను, పిల్లలున్నవారిని తలుపుల దగ్గర కూర్చోబెట్టాలి. ఒక్కొక్క ముసలివారికి ఒక్కొక్క యువకుణ్ణి ఒప్పచెప్పాలి. అందరి పేర్లు రాసిన కాగితం ఒకటి బస్సులో, ఒకటి ఊరిలో వుండాలి. నడవలో బియ్యం బస్తా కాదు కదా, చెప్పుల జత కూడా వుండకూడదు. రాత్రిపూట ఇద్దరు వంతులవారీగా మేలుకుని వుండటం మంచిది.

పొగ కనిపిస్తే డ్రైవరు బండిని పక్కకు నిలిపి ఇంజను కట్టేయాలి, బ్యాటరీ తీగను వేరు చేయాలి. ఇంజను మూత పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది. పొగలో నిలబడి నడవకూడదు. గాలి నేల దగ్గర కొంత బాగుంటుంది గనుక వంగి, ముక్కుకు తడిబట్ట అడ్డం పెట్టుకుని బయటికి రావాలి. అద్దాన్ని నడిమధ్య కాక మూలన కొట్టాలి. సుత్తి లేకుంటే ఇనుప వస్తువు ఏదైనా సరే. దిగినవారు వంద గజాల దూరం పోవాలి. మూట కోసం, నగల సంచి కోసం తిరిగి లోపలికి పోకూడదు. మంటలార్పే సిలిండరు కొద్ది సెకన్లే పనిచేస్తుంది. పిన్ను లాగి, మంట కొనకు కాదు, మొదలుకు పట్టాలి. దానితో ఆరకపోతే వదిలి బయటపడాలి.

బట్టలు అంటుకున్నవారు పరుగెత్తకూడదు. నేల మీద దొర్లాలి. కాలినచోట చల్లటి మంచినీళ్ళు ఇరవై నిమిషాలపాటు ధారగా పోయాలి. సిరా, పేస్టు, పేడ, కొబ్బరినూనె, బూడిద రాయకూడదు. శుభ్రమైన బట్ట కప్పి 108లో ఆసుపత్రికి చేర్చాలి. జాతీయ రహదారిపై అయితే 1033కు, ఎక్కడైనా 112కు ఫోను చేయవచ్చు.

సుగ్గికి పోయేవారి మాట

యాత్రకు పోయేవారు ఇష్టపడి పోతారు. ఇష్టం లేకపోయినా పోవలసినవారు మరికొందరు వున్నారు. కోసిగి, ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు ఊళ్ళ నుంచి వాన లేని ఏడు, వున్న ఏడు అనే తేడా లేకుండా వేలాది కుటుంబాలు సుగ్గికి పోతున్నాయి. గుంటూరు వైపు మిరపకోతలకు, బెంగుళూరు కట్టడాల పనులకు లారీలలో, మినీ వ్యానులలో బయలుదేరుతారు. ఇంటికి తాళం వేసి బియ్యం, బట్టలు, స్టవ్, చిన్న సిలిండరు, పిల్లలు అందరూ ఒకే బండిలో. వారికి బస్సు ఎంచుకునే అవకాశం లేదు. బండి మాట్లాడేది ముఠా మేస్త్రి, బాడుగ కట్టేది పొలం యజమాని. కనుక బాధ్యతా వారిదే కావాలి. కూలీలను, గ్యాసును ఒకే బండిలో పంపకూడదన్న షరతు మేస్త్రి పెట్టాలి. పనిచోటనే వంటచెరకో, గ్యాసో ఏర్పాటు చేయడం పొలం యజమానికి పెద్ద భారం కాదు. యాత్రికుల బస్సు కాలితే దేశమంతా తెలుస్తుంది. సుగ్గి బండి కాలితే తెలిసేది ఒక్క ఊరికే.

అధికారులు చేయవలసినది

ప్రమాదం జరిగిన వారంలో తనిఖీలు చేసి, ఆ తరువాత మరచిపోయే పద్ధతి మారాలి. రవాణాశాఖవారు బండి కాగితాలు చూడటంతో సరిపెట్టక ఆపద తలుపు తెరిపించి చూడాలి. పొరుగు రాష్ట్రాలకు పోయే యాత్ర బస్సు సరిహద్దు దాటేముందు డిక్కీ తెరిచి, సిలిండరు వుంటే దింపించాలి. దింపిన సిలిండరుకు రసీదు ఇచ్చి, తిరిగి వచ్చినప్పుడు ఇచ్చే ఏర్పాటు చేస్తే యాత్రికులు ఎదురు తిరగరు. అగ్నిమాపకశాఖ ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు వారోత్సవాలు జరుపుతున్నది. ఆ ప్రదర్శనలు పట్టణాల కూడళ్ళలోనే ముగియకుండా, స్వాములు మాల వేసుకునే కార్తీకంలో పెద్ద గ్రామాలలోనూ జరగాలి. దేవస్థానాలవారు బస్సులు నిలిచేచోట యాత్రికులకు ఆరుబయట వంటశాలలు, నీటి వసతి కల్పించాలి. వండుకోవడానికి చోటు చూపకుండా బస్సులో వండవద్దంటే ఆ మాట ఎవరికీ ఎక్కదు.

ఇవన్నీ జరిగేవరకు ఊరు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. బయానా ఇచ్చేరోజున గుడి అరుగు మీద నాలుగు మాటలు ఒప్పుకుంటే చాలు: సిలిండరు ఎక్కదు, బస్సులో హారతి వుండదు, తెలియని పార్శిలు తీసుకోరాదు, తలుపులు చూడకుండా బస్సు కదలదు. చదువు, చట్టం, అగ్నిమాపక శకటం ఏవీ లేని రోజులలో గడ్డి బండికి దూరంగా మూడు రాళ్ళు పెట్టుకున్నవారి మనుమలకు ఇది చేతకాని పని కాదు. ఈ కార్తీకంలో కదిలే బస్సులతోనైనా ఆ పని మొదలు కావాలి.